ఐదువందల నలభై గుర్రాలు

జైలు, తూర్పు టెక్సస్
మార్చి 3, 2009

కోరీన్,

నా పికప్ బండిని వదిలిపెట్టారని నువ్వు రాసింది చదివాక ఆ పూట నాకు తిండి సయించలేదు. సంతోషంతోనేలే. ఇన్నాళ్లూ కోర్టువాళ్ల దొడ్లో ఎండకీ దుమ్ముకీ పడి ఉన్నా, కొత్త బ్యాటరీ పెట్టగానే ఒక్క తిప్పుకే అందుకుందన్నావు చూడు, అదీ గేలన్ చేతిపని అంటే.

ఇప్పుడు కాస్త శ్రద్ధగా విను. దాన్ని అమ్మెయ్యి. నేను బయటికొచ్చినా నడపనివ్వరు. మిడ్‌లాండ్‌లో ఎవరో కొంటానంటున్నాడన్నావు కదా. కొనేవాడు గేలన్ తన షాపులో బలం కొలిచిచ్చిన కాగితం ఒక్కటే చూసి నమ్మడు, బయట ఎక్కడైనా కొలిపించి చూపించమంటాడు. చూపించు, మనకేం భయం. లబ్బక్‌లో థర్మన్ అనే ఆయన దగ్గర బండి బలం కొలిచే మంచి యంత్రం ఉందని ఇక్కడివాళ్లు చెప్పారు. వెళ్లేముందు ట్యాంకులో పాత డీజిలు తీయించి కొత్తది పోయించు. టైర్లలో గాలి సమానంగా ఉండాలి. ఇంజను బాగా వేడెక్కాకే రోలర్ల మీదికి ఎక్కించమను. 'ఎంత ఉండాలమ్మా' అని అడిగితే తడుముకోకుండా ఐదువందల నలభై గుర్రాల బలం అని చెప్పు.

ఇక్కడ నన్ను లానీ టీగ్ అని ఎవరూ పిలవరు. 'ఐదు నలభై' అంటారు. ట్రాక్టర్ల షెడ్డులో పని ఇచ్చారు. కాపలావాడు కూడా "ఏమోయ్ ఐదు నలభై, ఈ ముసలిదానికి ఎన్ని గుర్రాలు కడతావ్" అని అడుగుతాడు. నవ్వుతాలికే అయినా నాకు బాగుంటుంది. లోపల ప్రతివాడికీ ఏదో ఒకటి మిగులుతుంది. నాకు ఆ అంకె మిగిలింది.

ఆ అంకె వల్లే కదా లోపలికెళ్లావని నువ్వు మళ్లీ మొదలెడతావు. నిజమే, ప్రభుత్వం లాయరు ఆ కాగితాన్నే జ్యూరీ ముందు ఊపాడు. ఐదువందల నలభై గుర్రాల బండి ఉన్నవాడు తలుచుకుంటే తనని దాటబోయిన ఆ కుర్రాణ్ణి పోనిచ్చి ఉండేవాడు, లేదా తనే ముందుకు పోయేవాడు, ఈ రెండూ చెయ్యకుండా పక్కనే పట్టి ఉంచి ఎదురుగా వచ్చే ట్యాంకరుకి అప్పజెప్పాడు అన్నాడు. నేను పట్టి ఉంచలేదు కోరీన్. యాక్సిలరేటరు తొక్కాను, అది అక్కడే ఒప్పుకున్నాను. పక్కకి ఎవడొచ్చినా తొక్కేవాణ్ణి, అది నా జబ్బు. కానీ ఈలియో సాలస్ నన్ను దాటేశాడు. వాడి కారు నా ముందుంది. తన వరసలోకి రావడానికి కావలసినంత చోటుంది. ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలీదు. నేను చెప్పింది జ్యూరీ పన్నెండుమందిలో ఒక్కరూ నమ్మలేదు.

పోయిన ఆదివారం గేలన్ వచ్చాడు. ఈ ముసలాయన పొద్దున్నే బయల్దేరి అంతదూరం నడుపుకుని రావడం ఎందుకు చెప్పు. అమ్మని డయాలిసిస్‌కి ప్రతిసారీ తనే తీసుకెళుతున్నాడట. నాన్న పోయాక మనకి ఆయన చేసినంత ఎవరు చేశారు?

కాగితం కొత్తది రాగానే ఒక కాపీ నాకు పంపు. గోడకి అంటించుకుంటాను.

లానీ


డ్రై ఫోర్క్, టెక్సస్
మార్చి 28

అన్నయ్యా,

లబ్బక్ వెళ్లొచ్చాను. నువ్వు చెప్పినవన్నీ చేయించాను. మిడ్‌లాండ్ ఆయన వద్దనుకున్నాడు, వేరే బండి చూసుకున్నాడట. పోనీలే, ఇంకొకరు దొరుకుతారు.

అమ్మ కులాసాగానే ఉంది. కాళ్లవాపు తగ్గింది. మొక్కజొన్న రొట్టె ఉప్పులేకుండా తినమంటే పిల్లలా పేచీ పెడుతోంది. నేను శుక్రవారం సాయంత్రం ఒడెస్సా నుంచి వచ్చి, ఆదివారం దాకా ఉంటున్నాను. చమురు కంపెనీ ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారు, నన్నింకా తియ్యలేదు.

ఇక్కడ దుమ్ము గాలులు మొదలయ్యాయి. ఆరేసిన బట్టలు ఉతకనివాటిలా తిరిగొస్తున్నాయి.

నీ కోరీన్


జైలు, తూర్పు టెక్సస్
ఏప్రిల్ 6

కోరీన్,

ఉత్తరమంతా రెండుసార్లు చదివాను, వెనక్కి తిప్పి కూడా చూశాను. అమ్మ కాళ్లున్నాయి, రొట్టె ఉంది, ఉతికిన బట్టలున్నాయి. అంకె లేదు.

నువ్వు చిన్నప్పుడు స్కూల్లో తక్కువ మార్కులొస్తే ఇంటికొచ్చి కుక్కపిల్ల గురించి మాట్లాడేదానివి. ఎంతొచ్చింది? ఐదువందల ఇరవై వచ్చినా నేనేం అనుకోను, ఏళ్ల తరబడి పడి ఉన్న బండి. ఐదువందలొచ్చినా సరే. చెప్పు.

లానీ


డ్రై ఫోర్క్
ఏప్రిల్ 18

అన్నయ్యా,

మూడువందల యాభై రెండు.

రాయకుండా ఉంటే బాగుండునని చూశాను. నువ్వు ఊరుకోవు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నాకీ పని తెలీదు, తప్పులుంటే దిద్దుకుని చదువు.

వెనక చక్రాల్ని రోలర్ల మీదికి ఎక్కించి, బండిని నాలుగువైపులా పట్టీలతో నేలకి కట్టేశారు. బండి కదలదు, చక్రాలు మాత్రం హైవే మీద పోతున్నట్టే పరిగెడతాయి. అవి రోలర్లని ఎంత బలంగా తిప్పాయో యంత్రం లెక్క కడుతుంది. థర్మన్ అరవై దాటిన మనిషి, చెవుల్లో దూది పెట్టుకుని ఉన్నాడు. "ఎంతని చెప్పారమ్మా మీకు" అన్నాడు. నువ్వు చెప్పినట్టే తడుముకోకుండా చెప్పాను. ఆయన తలూపి తొక్కాడు. ఆ చప్పుడికి నా పళ్లు అదిరాయి. తెర మీద మూడువందల యాభై రెండు వచ్చింది. మళ్లీ తొక్కాడు, ఒకటో రెండో తక్కువొచ్చింది.

"మీ యంత్రంలో తేడా ఉందేమో" అన్నాను.

"ఉండొచ్చు. కానీ పొద్దుట్నుంచీ అన్ని బళ్లూ దీనిమీదే కొలిచాను. ఎవరూ ఏడుస్తూ పోలేదు" అన్నాడు.

మిడ్‌లాండ్ ఆయన అప్పుడే టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. థర్మన్ బానెట్ ఎత్తి లైటు వేసి చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు. ఇంజనుకి గాలి ఊదే టర్బో ఉంటుందే, దాన్ని మార్చి పెద్దది పెట్టానని కదా గేలన్ నీకు చెప్పింది? మార్చలేదట. కంపెనీవాళ్లు బిగించిందే ఉంది, మీద మెరిసే మూత ఒకటి తొడిగారు. డీజిలు చిమ్మే ఇంజెక్టర్లూ పాతవే. కొత్తగా ఉన్నదల్లా బండి కంప్యూటరుకి తగిలించిన చిన్న డబ్బా. ఆయన దాని తీగ పీకేసి మళ్లీ కొలిచాడు. రెండువందల ఎనభై ఒకటి.

"ఇది షోరూం నుంచి వచ్చిననాటి బలం. డబ్బా పెట్టాక డెబ్భై పెరిగాయి. పెరగలేదనను. కానీ మీవాళ్లు చెప్పిన లెక్క వేరు" అన్నాడు.

గేలన్ ఇచ్చిన కాగితం చూపించాను. ఆ రోజు ఎండెంతో, గాలి ఎంత పల్చనో యంత్రానికి మనమే చెప్పాలట, గాలి ఎంత పల్చనైతే అది అంత ఎక్కువ కలిపి చూపిస్తుందట. ఆయన కింద చిన్నక్షరాల మీద వేలు పెట్టి, "ఈ లెక్కన మీ బండిని మంచుకొండ శిఖరం మీద కొలిచి ఉండాలి. డ్రై ఫోర్క్‌లో కొండలెక్కడివి?" అన్నాడు.

వచ్చేముందు ఇంకొకటి అడిగాను. సాలస్ కారు ఏదో చెప్పి, ఈ బండి దాన్ని పక్కన పట్టి ఉంచగలదా అని. ఆయన నవ్వాడు. "పట్టి ఉంచడమా? దాని వెనక నంబరు చదవడమే కష్టం" అన్నాడు. ఎందుకడిగానో ఆయనకి తెలీదు.

అన్నయ్యా, నువ్వు కోర్టులో చెప్పింది నిజం. నేను కూడా అప్పుడు పూర్తిగా నమ్మలేదు, అది ఇక్కడ రాయాలి. కానీ నీకు గుర్తుందా, గేలన్‌ని బోనెక్కించి అదే ప్రశ్న అడిగారు. ఈ బండి ఆ కారుని పక్కన పట్టి ఉంచగలదా అని. నీలం సూటు వేసుకొచ్చాడు. ఛాతీ విరుచుకుని, "నా షాపులో తయారైన బండి ఎవణ్ణైనా పట్టి ఉంచుతుంది" అన్నాడు. ఆయనకి తెలుసు. తెలిసే అన్నాడు.

కోరీన్


జైలు, తూర్పు టెక్సస్
ఏప్రిల్ 24

కోరీన్,

నీకు మొదట్నుంచీ ఆ బండంటే పడదు. గేలన్ అంటే అసలే పడదు. ఆయన చర్చిలో నీ పక్కన కూచున్నా మొహం తిప్పుకునేదానివి. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని లబ్బక్ ముసలాడు ఏదో అంటే అదే నీకు వేదమైపోయింది.

అన్ని షాపులవాళ్లూ గేలన్ అంటే కుళ్లుకుంటారు. ఆ మాత్రం తెలీదా? ఎండలో ఉన్న రబ్బరు గొట్టాలు పగిలి ఉంటాయి, గాలి లీకవుతూ ఉంటుంది, సగం బలం అక్కడే పోతుంది. కోర్టు దొడ్లో ఎవడో కొత్త టర్బో పీక్కుని పాతది బిగించి ఉంటాడు. ఇవేవీ నీకు తట్టలేదు. గేలన్ దొంగ అని మాత్రం వెంటనే తట్టింది.

నేను ఆ బండి నడిపాను. నా వీపుకి తెలుసు అందులో ఎన్ని గుర్రాలున్నాయో.

ఆ కాగితం చింపెయ్యి. అమ్మ దగ్గర ఈ మాట ఎత్తకు.

లానీ


జైలు, తూర్పు టెక్సస్
మే 20

కోరీన్,

నువ్వు జవాబు రాయలేదు. రాయకపోవడమే న్యాయం.

గేలన్ వచ్చాడు. అడగకూడదనే అనుకున్నాను. డబ్బులేసే యంత్రంలోంచి నాకు సోడా తెచ్చి పెట్టాడు, అమ్మ గురించి చెప్పాడు, చర్చి కప్పు మరమ్మత్తు గురించి చెప్పాడు. ఉన్నట్టుండి అడిగేశాను. "గేలన్, కోరీన్ బండిని లబ్బక్‌లో కొలిపించింది. మూడువందల యాభై రెండొచ్చింది."

నవ్వుతాడనుకున్నాను. ఆ లబ్బక్ వాడికి కొలవడం రాదని తిడతాడనుకున్నాను. ఆయన సోడా యంత్రం వైపు చూస్తూ, "ఎవరి షాపు కొలత వాళ్లది లానీ" అన్నాడు.

"టర్బో మార్చావా?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"మార్చావా లేదా?"

"మీ అమ్మ 'నా కొడుకు గురించి మంచిగా చెప్పు' అంటోంది, నిన్ను గడువుకి ముందే వదలమని పెరోల్ బోర్డువాళ్లకి రాద్దామనుకుంటున్నాను. నువ్వేమో టర్బోలంటావు" అని టోపీ తీసుకున్నాడు. ఇంకా గంట టైముంది. వెళ్లిపోయాడు.

ట్రాక్టరు కింద పడుకుని పని చేస్తూ అదే ఆలోచిస్తున్నాను. ఆ రోజు సాలస్ నన్ను దాటినప్పుడు, నేను నేలకంటా తొక్కి ఉన్నాను. కారు దూరమైపోతోంది. నా బండిలో ఏదో పాడైందనుకున్నాను. ఆ క్షణంలో నా ఆలోచన అదే, దేవుడి తోడు. ఐదువందల నలభై ఉండగా వీడెలా పోతున్నాడు అని.

మన లాయరుని కలువు. ఆ థర్మన్ కాగితం చింపలేదు కదా? బండిని జాగ్రత్తగా ఉంచు. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకు.

పోయిన ఉత్తరంలో రాసినవి మరిచిపొమ్మని అడగను. నేను మరిచిపోలేదు.

లానీ


ఒడెస్సా, టెక్సస్
జూన్ 10

అన్నయ్యా,

చింపలేదు.

లాయరు మొదట విసుక్కున్నాడు, కాగితం చూశాక కుర్చీ ముందుకి లాక్కున్నాడు. కాగితం ఒక్కటే చాలదట. బండిని కోర్టు ఒప్పుకునే నిపుణుడి చేత విప్పించి, కొలిపించాలట. టర్బో మీద కంపెనీ ముద్ర ఉందిగా, అది ఫొటోలు తీస్తే ఎవరూ కాదనలేరన్నాడు. జులై రెండోవారంలో మనిషి వస్తాడు. "కేసు తిరగబడుతుందని హామీ ఇవ్వను. కానీ మీ అన్నయ్య అబద్ధమాడాడని జ్యూరీకి అనిపించింది ఈ ఒక్క అంకె వల్లే" అన్నాడు. అప్పీలు కుదరకపోయినా పెరోల్ దగ్గరైనా పనికొస్తుందట.

బండి మన షెడ్డులోనే ఉంది. అమ్మకి చెప్పక తప్పలేదు. ఆవిడ అంతా వింది. తర్వాత, "మరి నన్ను ఆస్పత్రికి ఎవరు తీసుకెళతారే" అంది. నేను కోపంతో ఏదో అన్నాను. ఇప్పుడు అనకుండా ఉండాల్సిందనిపిస్తోంది. ఆవిడ అడిగింది అబద్ధం కాదుగా. సెలవు పెడితే నా ఉద్యోగం పోతుంది.

నువ్వు ధైర్యంగా ఉండు. ఇన్నాళ్లకి ఒక దారి కనపడింది.

నీ కోరీన్


డ్రై ఫోర్క్
జులై 5

అన్నయ్యా,

ఎలా మొదలుపెట్టాలో తెలీడం లేదు.

శుక్రవారం సాయంత్రం వచ్చేసరికి షెడ్డు ఖాళీగా ఉంది. అమ్మ బీన్స్ ఒలుచుకుంటోంది. "గేలన్ తీసుకెళ్లాడు. సోమవారమే. నిపుణుడెవరో వస్తాడట కదా, బండి సరిగ్గా లేకపోతే లానీకే నష్టం, ఊరికే సర్వీసు చేసిస్తానన్నాడు" అంది. నిపుణుడి మాట చెప్పింది ఆవిడే. కారులో ఆస్పత్రికి వెళుతూ చెప్పింది. మంచి చేస్తున్నాననే అనుకుంది.

శనివారం పొద్దున్న షాపుకి వెళ్లాను. జాతీయ పండగ కదా, ఊరంతా అక్కడే ఉంది. మాంసం కాలుస్తున్న పొగ, పిల్లల చేతుల్లో జెండాలు. మధ్యలో మన బండి, కడిగి తుడిచి, ఒక పెద్ద ట్రైలరు మీద రోలర్లకి కట్టేసి ఉంది. ఆ యంత్రం గేలన్‌ది కాదు. వేరే ఊరినుంచి అద్దెకి తెప్పించాడు. దాన్ని నడిపేవాడెవడో కుర్రాడు, వాడికి మన సంగతులేవీ తెలీవు. నేను చూస్తుండగానే తొక్కాడు. ఐదువందల నలభై ఏడు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో నీ పేరు కూడా అరిచారు.

గేలన్ నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"చూశావా కోరీన్. బయటి యంత్రం. ఈసారి ఎవరూ వంక పెట్టలేరు."

"ఎప్పుడు మార్చారు?"

"సర్వీసు చేశాను."

"టర్బో ఎప్పుడు మార్చారని అడుగుతున్నాను."

ఆయన నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు. కోపంగా లేడు. అలిసిపోయినట్టున్నాడు. "మీ అన్నయ్యకి ఐదువందల నలభై ఇస్తానన్నాను. ఇచ్చాను. ఇంకేం కావాలి మీకు?" అన్నాడు.

"అప్పుడివ్వలేదు."

"అప్పుడు సామాను రావడం ఆలస్యమైంది. వాడేమో ఆ శనివారానికే కాగితం కావాలన్నాడు, నలుగురికీ చూపించుకోవాలి. సరే కాగితం ముందు తీసుకో, సామాను వచ్చాక బిగిద్దామనుకున్నాను. వారం తిరక్కుండా వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు, బండి గాల్లో తేలుతోంది గేలన్ అని. తేడా తెలియనివాడికి బిగించి ఏం లాభం?"

"మరి కోర్టులో?"

"నా గోడ నిండా అలాంటి కాగితాలే ఉన్నాయి. ఒకటి అబద్ధమంటే అన్నీ అబద్ధమే. ఈ షాపు మీద పదకొండుమంది తింటున్నారు కోరీన్."

"మా అన్నయ్య జైల్లో తింటున్నాడు."

ఆయన కళ్లు తిప్పుకున్నాడు. "వాడు తొక్కాడు కదా. తొక్కలేదని ఎవరన్నారు" అన్నాడు.  బండి నేనే నడుపుకుని ఇంటికొచ్చేశాను.

పాత టర్బో ఎక్కడుందో చెప్పడు. లాయరుకి ఫోన్ చేశాను. నిపుణుణ్ణి రావద్దని చెబుతానన్నాడు. ఇప్పుడు విప్పి చూస్తే కొత్త టర్బో ఉంటుంది, కొలిస్తే ఐదువందల నలభై ఏడొస్తుంది. అది మనమే ప్రభుత్వానికి సాక్ష్యం తయారుచేసి ఇచ్చినట్టట. థర్మన్ చెప్పడానికి సిద్ధమే, కానీ ముందు మీరే విప్పి మార్చారంటే ఏం చేస్తారన్నాడు. బండి మన షెడ్డులోంచి, మన అమ్మ చేతిమీదుగానే వెళ్లింది.

అమ్మ మీద నేను అరిచాను. 

కోరీన్


జైలు, తూర్పు టెక్సస్
జులై 19

కోరీన్,

అంతా చదివాను. అమ్మని ఏమీ అనకు.

ఒక్కటి అడుగుతాను, తిట్టకు. ఇంటికి నువ్వే నడుపుకొచ్చానన్నావు. ఎలా ఉంది?

లానీ


ఒడెస్సా
సెప్టెంబరు 2

లానీ,

నీ నాలుగు ముక్కల ఉత్తరం చూశాక ఇన్నాళ్లూ కాగితం ముందు కూచోబుద్ధి కాలేదు. నీ కోసం నేను ఆఫీసులో అబద్ధాలాడి లబ్బక్ తిరిగాను, లాయరు గుమ్మం ముందు నిలబడ్డాను, అమ్మతో మాటలు పోగొట్టుకున్నాను. నువ్వు అడిగింది బండి ఎలా ఉందని.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. తొక్కితే సీటుకి అతుక్కుపోయాను. భయమేసి కాలు తీసేశాను. నువ్వు నన్ను ఎక్కించుకుని తిప్పినప్పుడు అది ఎప్పుడూ అలా లాగలేదు. ఐదువందల నలభై అంటే ఏమిటో నాకు తెలిసింది. నీకు ఇప్పటికీ తెలీదు.

ఆస్పత్రికి అమ్మని మళ్లీ గేలనే తీసుకెళుతున్నాడు. నేను వద్దంటే, 'అయితే నువ్వు రా' అంది. వెళ్లలేకపోతున్నాను.

ఇంకో పని చేశాను, నిన్నడక్కుండా. ఒఫీలియా సాలస్ దగ్గరికి వెళ్లాను. ఆ కుర్రాడి తల్లి. రైలు పట్టాల అవతల తీపిరొట్టెల కొట్టు ఉందే, అక్కడ పని చేస్తోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది, కోర్టులో మూడురోజులు ఎదురెదురుగా కూచున్నాం కదా. బయటికి పొమ్మంటుందనుకున్నాను. చేతులకి పిండితో అలాగే నిలబడింది. థర్మన్ కాగితం కౌంటరు మీద పెట్టి, వచ్చీరానట్టు చెప్పాను.

"ఈ అంకెలు నాకు తెలీవు. ఒక్కటి చెప్పు. నా కొడుకు ముందున్నాడా?" అంది.

"ముందున్నాడు."

"మీ అన్న పట్టి ఉంచలేదా?"

"తొక్కాడు. పట్టుకోలేకపోయాడు."

ఆవిడ స్టూలు మీద కూచుంది. "ఆ ప్రభుత్వం లాయరు నా కొడుకుని పిల్లి కాలికింద ఎలకలాగా చెప్పాడు. వాడు బయటపడాలని చూస్తున్నాడనీ, మీ అన్న పోనివ్వలేదనీ. నాకు వాడి మొహం అలాగే కనిపిస్తుంది, భయపడుతూ. వాడసలు భయపడలేదా అయితే?"

నాకేం తెలుసు లానీ. అయినా చెప్పాను, భయపడి ఉండడు, గెలుస్తున్నాడు కదా అని. ఆవిడ ఏడవలేదు. "ఆ కారంటే వాడికి ప్రాణం. మంచి కారేనా?" అంది. మంచి కారే అన్నాను.

"మీ అన్నని క్షమించానని అనుకోకు. తొక్కాడుగా" అంది. తర్వాత ఆ కాగితం ఉంచుకోవచ్చా అని అడిగింది. నా దగ్గరున్న అసలు కాగితమే ఇచ్చేశాను. కాపీలు నాకెందుకు, ఎవరికి చూపించాలి?

ఆ మూడువందల యాభై రెండు వల్ల ఇంతవరకూ మేలు జరిగింది ఆవిడొక్కతెకే.

కోరీన్


జైలు, తూర్పు టెక్సస్
జనవరి 17, 2010

కోరీన్,

విడుదల ఖాయమైంది. ఫిబ్రవరి చివర్లో. సంతోషించే ముందు మిగతాది చదువు.

పెరోల్ బోర్డునుంచి ఒకావిడ వచ్చింది. కళ్లజోడు, మెత్తటి గొంతు. ముందు అమ్మ ఆరోగ్యం అడిగింది. తర్వాత ఆ రోజు ఏం జరిగిందో మీ మాటల్లో చెప్పండంది. నేను లబ్బక్ నుంచి మొదలుపెట్టాను. మూడువందల యాభై రెండు అని చెప్పాను, టర్బో సంగతి చెప్పాను, వాడు నన్ను దాటిపోయాడని చెప్పాను. ఆవిడ రాసుకుంటున్నదల్లా కలం కిందపెట్టింది.

"మిస్టర్ టీగ్, మీరింకా తప్పు బండి మీదా, మీ స్నేహితుడి మీదా వేస్తున్నారా?"

ఫైలు నావైపు తిప్పింది. జులైలో కొలిచిన కాగితం ఉంది అందులో, ఐదువందల నలభై ఏడు. దాని కింద గేలన్ ఉత్తరం. నేను మంచివాణ్ణని, నాన్న లేని పిల్లాణ్ణని, బయటికొస్తే తన షాపులో ఉద్యోగం ఇస్తానని రాశాడు. ఉద్యోగం చూపించకపోతే వదలరు. నేను రాసిన తొమ్మిది షాపుల్లో ఒక్కటి కూడా జవాబివ్వలేదు.

"తప్పు గ్రహించినవాళ్లనే మేము బయటికి పంపగలం. కాస్త ఆలోచించుకుని చెప్పండి" అంది.

ఆలోచించుకున్నాను. ఇంకా ఐదేళ్లు. అమ్మ ఐదేళ్లు ఉండదు.

చెప్పాను. ఐదువందల నలభై గుర్రాలున్నాయి, వాణ్ణి పోనివ్వగలిగి కూడా పోనివ్వలేదు, పక్కనే పట్టి ఉంచాను అని. కంఠతా వచ్చిన పాఠంలాగా వచ్చేసింది, ప్రభుత్వం లాయరు నోటంట అన్నిసార్లు విన్నాను కదా. ఆవిడ కలం తీసుకుంది. చివర్లో, "ఇది చెప్పడానికి ధైర్యం కావాలి" అని మెచ్చుకుంది.

బయటికొచ్చాక సోమవారం నుంచే గేలన్ షాపులో పని. ఎవడి షాపులోనైనా స్పానరు ఒకటే. వాడి మొహం చూడ్డం ఎలాగో అక్కడికెళ్లాక నేర్చుకుంటాను.

సాలస్ వాళ్లమ్మకి నువ్వేమీ చెప్పకు. నాకు కాస్త వ్యవధి ఇవ్వు, నేనే వెళ్లి చెబుతాను.

లానీ


డ్రై ఫోర్క్
ఫిబ్రవరి 21

లానీ,

నువ్వు వచ్చి చెప్పేలోపే సాలస్ వాళ్లమ్మకి వేరే ఉత్తరం వెళ్లింది. చనిపోయినవాళ్ల కుటుంబానికి బోర్డువాళ్లు తెలియజేస్తారట. ఫలానా ఖైదీ తన నేరాన్ని పూర్తిగా ఒప్పుకున్నాడని, బాధితుణ్ణి ఉద్దేశపూర్వకంగా అడ్డుకున్నట్టు అంగీకరించాడని.

నిన్న మన ఇంటికొచ్చింది. కూచోమన్నా కూచోలేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పట్టుకుని, "ఇందులో ఏది?" అని అడిగింది. నేను థర్మన్‌ది చూపించాను. "మరి మీ అన్నే స్వయంగా చెప్పాడట కదా" అంది. నిన్నెలా వదులుతున్నారో, ఎందుకలా చెప్పావో, గేలన్ ఏం చేశాడో అంతా చెప్పాను. చెబుతుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. తప్పించుకోవడానికి తోబుట్టువు అల్లే కథలాగే ఉంది. ఆవిడ ఓపిగ్గా వింది. అంతా అయ్యాక థర్మన్ కాగితం నాకిచ్చేసింది. గుమ్మం దగ్గర ఆగి, "ఈ ఐదారునెలలూ బాగా నిద్రపోయాను" అంది. అంతే.

నేను నిన్ను తప్పు పట్టలేను. నీ చోట ఉంటే నేనూ అదే చెప్పేదాన్నేమో. కానీ ఆవిడ గేటు దాటేదాకా చూస్తూ నిలబడింది నేను, నువ్వు కాదు.

నిన్ను తీసుకురావడానికి గేలన్ వస్తున్నాడు, ఆ బండిలోనే. అమ్మ పక్కన కూచుంటుందట, కొత్త గౌను కుట్టించుకుంది. చర్చివాళ్లు సాయంత్రం భోజనాలు పెడుతున్నారు. మనిషి బాగుపడి వస్తున్నాడని పాస్టరు పోయిన ఆదివారం చెప్పాడు.

నీ గదిలో దుప్పట్లు మార్చాను. చొక్కాలు ఇస్త్రీ చేసి పెట్టాను, వదులవుతాయేమో. అమ్మ మందులు ఏ పూట ఏవో వంటింటి తలుపు లోపలివైపు రాసి అంటించాను. ఇకనుంచి అవి చూసుకోవాల్సింది నువ్వే.

నువ్వొచ్చేసరికి నేను ఒడెస్సాలో ఉంటాను. కొన్నాళ్లు అక్కడికి ఉత్తరాలు రాయకు.

కోరీన్